మ్యాపులో లేని మేకల బాట

బహ్రెయిన్‌లో దిగింది డిసెంబరు చివర్లో, తెల్లవారకముందే. విమానాశ్రయం బయట కంపెనీ బస్సు నిలబడి ఉంది. బస్సులో చలి. ఎడారి కదా అని స్వెటరు సంచీ అడుక్కి తోసేశాను. క్యాంపు సల్మాబాద్‌లో. గ్యారేజీల వెనక, గోదాముల మధ్య, రంగు వెలిసిన మూడంతస్తుల మేడ. గదికి ఆరు మంచాలు. నాకు తలుపు పక్క మంచం ఇచ్చారు. తలుపు సరిగ్గా మూతపడదు. మొదటి చికాకు అదే. తర్వాత వచ్చినవాటితో పోలిస్తే అది చికాకే కాదు.

నేను ఫౌజులో సర్వే పని చేసినవాణ్ణి. తుపాకీ కన్నా ట్రైపాడ్ ఎక్కువ మోశాను. లడఖ్‌లో మంచు మీద కొలిచాను, రాజస్థాన్‌లో ఇసుక మీద కొలిచాను. హవల్దారుగా పింఛను తీసుకుని శ్రీకాకుళం వచ్చాక ఊరికే కూర్చోవడం చేతకాలేదు. ఆ సమయంలో ఈ పని తగిలింది. ఇప్పుడు ఊళ్లో ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న. అక్కడ ఏం డ్యూటీ, సెక్యూరిటీయా అని. కాదు, మ్యాపు గీశాను అంటాను. అంత చిన్న దేశానికి మ్యాపు లేదా అని నవ్వుతారు. నేనూ మొదట్లో అలాగే నవ్వాను.

మర్నాడు ఉదయం ఏడింటికి సనాబిస్‌లోని ఆఫీసులో హాజరయ్యాను. ఇంజినీరు మేడమ్ బల్ల మీద కాగితం పరిచారు. కృష్ణా జిల్లా మనిషి. చిన్న వయసే, కళ్ల కింద నలుపు. మ్యాపు మొత్తం ఆవిడ కంప్యూటర్లోనే తయారవ్వాలి.

"పైనంతా ఊరేనండీ, హవల్దారు గారూ. సందు సందూ మ్యాపులో ఉంది," అన్నారు. "కింద సగం ఎడారి. నడుమ పళ్లెంలాగా పల్లం, దాని చుట్టూ లోపలికి తిరిగిన గట్లు. గట్ల మీంచి దిగే వాదీలు, ఒంటెల దొడ్లు, మేకల దొడ్లు, బండ్లు తొక్కిన బాటలు. వాటి లెక్క తేలాలి."

వాదీ అంటే మన వాగే. నీళ్లు తప్ప అన్నీ ఉంటాయి. ఏడాదిలో ఎప్పుడో వాన పడుతుంది. ఆ రోజు మాత్రం ఆ వాగులు పారతాయి, గుడారాలు మునుగుతాయి, బండ్లు బురదలో దిగబడతాయి. నీళ్లు ఎటు పోతాయో, ఏ బాటన బండి వెళ్లి తిరిగి రాగలదో చూపించే మ్యాపు కావాలి. ఆర్డరు అంతే. స్పష్టమైన ఆర్డరు. నెలన్నర పని అని చెప్పాను. మేడమ్ తల వంచి కాగితం మడత సరిచేశారు. నన్ను చూసి నవ్వు ఆపుకున్నారని ఇప్పుడు అర్థమవుతోంది.

నా జట్టు చిన్నది. బండికి మలయాళీ డ్రైవరు. కర్ర పట్టడానికి గంగారాం, జగిత్యాల వైపు మనిషి, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. కొన మీద అద్దం బిగించిన కర్రను గంగారాం వాగులో ఒక్కో చోట నిలబెడతాడు. నేను దూరంగా యంత్రంలోంచి చూసి దూరం, ఎత్తు పట్టుకుంటాను. ఇద్దరి మధ్య వాకీటాకీ. అతను గల్ఫ్‌కి రావడం అది మూడోసారి. ఏ దేశమైనా అతనికి దుబాయే.

"ఇది బహ్రెయిన్ గంగన్నా," అనేవాణ్ణి.

"గదే సార్, దుబాయి," అనేవాడు.

మొదటి వారం సఖీర్ కింద మొదలుపెట్టాం. ఉదయం పొగమంచు, ట్రైపాడ్ కాళ్ల మీద తేమ. పదింటికల్లా మంచు విడిపోతుంది, గాలి లేస్తుంది. ఆ గాలికి సున్నపు దుమ్ము పళ్ల మధ్య చేరుతుంది. అదంతా నాకు అలవాటే. అలవాటు లేనిది శుక్రవారం.

అక్కడ చలికాలమంటే గుడారాల కాలం. కుటుంబాలకు కుటుంబాలు ఎడారికి తరలి వస్తాయి. జనరేటర్లు, లైట్లు, కుర్రాళ్ల నాలుగు చక్రాల మోటారు బండ్లు. గురువారం నేను కొలిచిన చోట ఒక బాట ఉంటే, శనివారం వెళ్లేసరికి నాలుగుంటాయి. మొదటిది మాయమై ఉంటుంది.

"నిన్నగాక మొన్న గీడ ఒక్కటే తొవ్వ ఉండె సార్," అన్నాడు గంగారాం వాకీటాకీలో. "గిప్పుడు కాళ్ల కింద అన్నీ తొవ్వలే. ఏది గీస్తవ్?"

"ఏది పాతదో అది గీద్దుం."

"పాతది ఏదో గా బండ్లోళ్లనే అడగాలె."

నేల మీద గుర్తుగా కొట్టిన ఇనప మేకులు మాయమయ్యాయి. వెతికితే ఒక గుడారం తాళ్లకు బిగించి ఉన్నాయి. గుడారం పెద్దాయన చాలా మర్యాదస్తుడు. కూర్చోబెట్టి ఖహ్వా అనే అరబ్బు కాఫీ పోశాడు, ఖర్జూరాలు పెట్టాడు. మేకులు మాత్రం మార్చి దాకా ఇవ్వలేనన్నాడు. అవి తీస్తే గుడారం కూలుతుందట. అదీ నిజమే. ఖహ్వా తాగి వచ్చేశాం.

ఇంకో రోజు ఒంటె ఒకటి వచ్చి ట్రైపాడ్‌కి ఒళ్లు రుద్దుకుంది. పొద్దుట్నుంచి పట్టిన కొలతలు పోయాయి. గంగారాం అరిచాడు, డ్రైవరు హారన్ కొట్టాడు. అది రుద్దుకోవడం పూర్తయ్యాకే వెళ్లింది.

వాగుల పేర్లు మరో గొడవ. మ్యాపుకి పేర్లు కావాలి. తూర్పు గట్టు కింద మేకల దొడ్డి ఒకటి ఉంది. దాన్ని చూసే కాపరి బంగ్లాదేశ్ మనిషి. ఈ వాదీ పేరేమిటని అడిగితే ఒకసారి ఒక పేరు చెప్పాడు. పది రోజుల తర్వాత మరో పేరు. మూడోసారి అడిగితే విసుక్కున్నాడు. అది నీళ్లు లేని గుంట, దానికి పేరెందుకు అన్నాడు. చివరికి మాలో మేం దాన్ని తెల్లగట్టు వాదీ అనుకున్నాం. గట్టు తెల్లగా ఉంటుంది కనుక.

ఆ కాపరి దొడ్డి వెనక నుంచి ఒక సన్నని బాట తెల్లగట్టు వాదీలోకి దిగుతుంది. మేకలు నడిచి నడిచి పడిన బాట. గట్టు చీలికలోంచి మెలికలు తిరుగుతుంది. జాగ్రత్తగా తోలితే బండి కూడా దిగుతుంది. ఫిబ్రవరిలో దాన్ని మలుపు మలుపునా కొలిచి పంపాను. మార్చిలో మేడమ్ ఫోను చేశారు.

"హవల్దారు గారూ, ఆ మేకల బాట తీసేయమంటున్నారండీ."

"ఎవరు?"

"మ్యాపు తీసుకునేవాళ్లు. ఇన్ని సన్న గీతలుంటే చూడ్డానికి బాగోలేదంట. ఒక్కో వాదీకి ఒక్క దారి చాలంటున్నారు. తెల్లగట్టుకి పడమటి రోడ్డు ఉంది కదండీ."

"అది రోడ్డు కాదు మేడమ్. అదీ బాటే. కాస్త వెడల్పుగా ఉంటాది, అంతే."

"నాకు తెలుసండీ. మీరు రోజుకో రోడ్డు పంపుతారు, వాళ్లు రోజుకో రోడ్డు తీసేయమంటారు. మధ్యలో నేను. ఈ మ్యాపు నా పెళ్లికన్నా ఎక్కువ కాలం పట్టేట్టుంది."

ఆవిడ మీద కోపం రాలేదు. ఎవరి మీద రావాలో తెలియక అది లోపలే ఉండిపోయింది.

నెలన్నర పని జూన్‌లోకి వచ్చింది. గుడారాలు పోయాయి. ఎండలొచ్చాయి. నడివేసవిలో మధ్యాహ్నం పూట బయట పని చేయించకూడదని అక్కడ నియమం. అది మొదలవడానికి ఇంకా కొన్నాళ్లుంది. మొదలయ్యేలోపు తెల్లగట్టు వాదీ ముగించమని ఆఫీసు నుంచి ఒత్తిడి. శుక్రవారం ఓవర్‌టైం పెట్టారు. క్యాంపులో నాలుగింటికి లేచి ఐదున్నరకి వాదీలో దిగాం. పడమటి బాటన వచ్చాం. గాలి ఆగ్నేయం నుంచి, తడిగా, వేడిగా. చెమట ఆరదు. గట్టు నీడ ఎనిమిదింటికే పోయింది.

ఎనిమిది దాటాక డ్రైవరుకి ఫోను వచ్చింది. జల్లాక్ దగ్గర ఇంకో జట్టు బండి ఆగిపోయిందట. వాళ్లని క్యాంపులో దింపి రమ్మని ఆఫీసు ఆర్డరు.

"మమ్మల్ని ఇక్కడ వదిలేసి ఎలా ఎళ్తావు?" అన్నాను.

"ఒక్క గంట సాబ్. యూఁ గయా, యూఁ ఆయా," ఇలా వెళ్లి అలా వచ్చేస్తానన్నాడు. అతని మొహంలోనూ ఇష్టం లేదు.

నీళ్ల క్యాను దింపించుకున్నాను. సగం ఉంది. గొడుగు, యంత్రం, కర్ర, రెండు వాకీటాకీలు, ఒక ఫోను. డ్రైవరు సిమ్ము వేరు, వాదీలోనూ పలుకుతుంది; నా ఫోను గట్టు కింద పలకదు. పైకి ఎక్కితే పలుకుతుంది. నిటారు గట్టు, ఎక్కాలంటే చేతులు కూడా వాడాలి.

గంట గడిచింది. బండి రాలేదు. యంత్రంలోంచి చూస్తుంటే కర్ర పక్కకి వాలుతోంది.

"గంగన్నా, కర్ర తిన్నగా పట్టు."

"తిన్నగనే ఉన్నది సార్."

"కాదు. బుడగ చూడు." కర్రకి ఒక చిన్న గాజు బుడ్డి ఉంటుంది, అందులో బుడగ నడుమకి వస్తే కర్ర నిటారుగా ఉన్నట్టు.

"బుడగ నడుమనే ఉన్నది సార్."

కర్ర ఇంకా వాలింది. ఏటి గంగన్నా, నిద్రొస్తందా అన్నాను. వాకీటాకీలో జవాబు వచ్చింది. నాకు కాదు.

"మోటరు బంద్ జెయ్‌రా. మడి నిండింది. నీళ్లు ఒడ్డు మీదికెల్లి పోతున్నయ్. బంద్ జెయ్."

యంత్రం వదిలి పరిగెత్తాను. నేను చేరేలోపే కూలిపోయాడు. కర్ర వదల్లేదు, దానితోపాటే పడ్డాడు. ఒళ్లు కాలిపోతోంది. చెమట చుక్క లేదు. వడదెబ్బ. చెమట ఆగిందంటే ఏమిటో రాజస్థాన్‌లో చూశాను. అప్పుడు మాతో డాక్టరు ఉన్నాడు, హెలికాప్టరు వచ్చింది. ఇక్కడ నేనున్నాను.

గొడుగు పీకి తెచ్చి అతని మీద నీడ పడేలా పాతాను. బూట్లు విప్పాను. చొక్కా చించాను. తల, మెడ, చంకలు, తొడలు తడిపాను. కాగితాలు పెట్టుకునే అట్టతో విసిరాను. నోట్లో నీళ్లు పోయలేదు. తెలివి లేని మనిషికి పోయకూడదు. మోటరు బంద్ జెయ్‌రా అంటూనే ఉన్నాడు. సరే చేశాను గంగన్నా, బంద్ చేశాను అన్నాను. వినిపించుకోలేదు.

తడిపి ఆపేస్తే అయిదు నిమిషాల్లో ఆరిపోతోంది. విసరడం ఆపితే మళ్లీ మండుతోంది. కానీ ఫోను చేయాలంటే వదిలి పైకి ఎక్కాలి. బాగా తడిపి, ఎక్కాను.

మొదటి ఫోను డ్రైవరుకి.

"సాబ్, రాస్తా బంద్ హై," అన్నాడు. దాదాపు ఏడుస్తున్నాడు. ఉదయం మేం వచ్చిన పడమటి బాటకి అడ్డంగా ఎవరో మట్టికట్ట పోసేశారు. నడుమెత్తు. అటువైపు లోతైన కాలవ. ఏదో గొట్టం వేస్తున్నారట. తవ్వే యంత్రం నడిపేవాణ్ణి బతిమాలితే, సూపర్‌వైజరు చెప్పనిదే పార ఎత్తనన్నాడట. సూపర్‌వైజరు శుక్రవారం ప్రార్థనకని ముందే వెళ్లిపోయాడట. వేరే దారి డ్రైవరుకి తెలియదు. మేకల బాటని నేనూ గంగారామూ కాలినడకన కొలిచాం, దాని మలుపులు ఫోనులో చెప్పేంత నాకు గుర్తులేవు. మ్యాపులో చూశాడు. తెల్లగట్టుకి ఒక్కటే దారి ఉంది. అది ఈ కట్ట కిందే ఉంది.

రెండో ఫోను కంపెనీ సేఫ్టీ డెస్కుకి. ప్రమాదం జరిగితే ముందు వాళ్లకే చెప్పాలని మాకు ఆర్డరు. ఎత్తినవాడు ప్రశాంతంగా మాట్లాడాడు.

"ఏ రోడ్డు మీద ఉన్నారు?"

"రోడ్డు లేదు. వాదీలో ఉన్నాను. అక్షాంశం, రేఖాంశం చెబుతా, రాసుకో."

"ఆ అంకెలు ఇక్కడ పట్టవు. బ్లాకు నంబరు చెప్పండి. లేదా దగ్గర్లో గేటు నంబరు."

"గేటు లేదు. ఇది ఎడారి."

"నా మ్యాపులో మీరు చెప్పే చోటికి దారే లేదు సర్."

"లేదు కనుకే మేం వచ్చాం, మ్యాపు గీయడానికి!"

"గేటు నంబరు లేకపోతే బండి పంపలేను సర్. లైన్లో ఉండండి."

లైన్లో సంగీతం వచ్చింది. కట్ చేశాను. జీవితంలో శత్రువుల కాల్పులు విన్నాను. ఆ సంగీతం విన్నప్పుడు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. కిందికి దిగాను. మళ్లీ తడిపాను. మాట ఆగిపోయింది. ఊపిరి వేగంగా, పైపైన ఆడుతోంది. మళ్లీ ఎక్కాను. అరచేతులు చీరుకుపోయాయి.

మూడో ఫోను మేడమ్‌కి. శుక్రవారం. గుదైబియాలో తెలుగువాళ్ల చర్చి సహవాసం జరిగే రోజు. ఫోను ఎత్తగానే వెనక పాట, చప్పట్లు. రెండు ముక్కల్లో చెప్పాను. పాట దూరమైంది, తలుపు మూసిన చప్పుడు, మెట్లు దిగుతున్న చప్పుడు.

"ల్యాప్‌టాప్ కార్లోనే ఉందండీ. ఆదివారం మ్యాపు ఇవ్వాలి కదా, ఎక్కడికెళ్లినా మోసుకు తిరుగుతున్నాను. ఉండండి. తెరుస్తున్నాను." ఆయాసపడుతున్నారు. "పడమటిది మూశారా? అయితే మేకల బాట, హవల్దారు గారూ. తూర్పు నుంచి."

"అది తీసేశారు కదా మేడమ్."

"మ్యాపు మీద కనబడకుండా చేశానండీ. ఫైల్లోంచి తీయలేదు. మీరు కొలిచినవి ఏవీ తీయలేదు. ఒక్కటి కూడా." కారు తలుపు మూసిన చప్పుడు. "డ్రైవరుకి నేను చెబుతాను. అంబులెన్సుని తారురోడ్డు దాకా నేను పిలుస్తాను. మీరు కిందికెళ్లండి. మళ్లీ పైకి ఎక్కొద్దు. ఆయన దగ్గరే ఉండండి."

ఫౌజులో ఎన్నో ఆర్డర్లు విన్నాను. అంత చక్కటి ఆర్డరు మళ్లీ వినలేదు.

దిగాను. తడిపాను. విసిరాను. క్యానులో నీళ్లు అడుగంటాయి. నా బనియను ముంచి అతని మెడకింద పెట్టాను. ఊరి సంగతులు మాట్లాడాను. అతని ఊరు నేను చూడలేదు. అయినా అతని మడి గురించే మాట్లాడాను. నీళ్లు చాలు గంగన్నా, ఒడ్డు గట్టిగానే ఉంది అన్నాను.

తూర్పు నుంచి ఇంజను చప్పుడు వచ్చింది. గట్టు చీలికలోంచి మా బండి దిగింది. వెనక ఇనప తొట్టెలో మేకల కాపరి నిలబడి ఉన్నాడు. దొడ్డి గేటు గొలుసు ఇంకా చేతిలోనే ఉంది. కాళ్ల దగ్గర రెండు డబ్బాల నీళ్లు. ముందు సీట్లో ఫోను గట్టిగా మాట్లాడుతోంది. మేడమ్ గొంతు, హిందీలో: తెల్ల రాళ్లు దాటారా, దాటాక ఎడమకి, ఎడమకే, కుడిది గోతిలోకి పోతుంది.

"దాటాం మేడమ్. దొరికారు," అన్నాడు డ్రైవరు.

 ఆవిడ ఏడుస్తున్నారు.

ముగ్గురం ఎత్తి తొట్టెలో పడుకోబెట్టాం. కాపరి దారంతా అతని మీద నీళ్లు పోస్తూనే ఉన్నాడు, మేకకి దెబ్బ తగిలినప్పుడు మాట్లాడినట్టు తన భాషలో ఏదో మాట్లాడుతూ. తారురోడ్డు దగ్గర అంబులెన్సు తలుపులు తెరిచి ఉంది.

గంగారాం బతికాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. కొన్నాళ్లు యంత్రం మీద రక్తం శుభ్రం చేశారు. మాట వచ్చిన రోజు నేను పక్కనే ఉన్నాను.

"సార్, గా ఆఖరి పాయింటు పట్టినవా?"

"పట్టాను గంగన్నా."

"కొట్టెయ్ సార్. కర్ర వంగింది. తప్పు వస్తది."

అప్పుడు నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. బయటికి వెళ్లి వరండాలో నిలబడ్డాను.

సేఫ్టీ డెస్కు రిపోర్టు కూడా వచ్చింది. ప్రమాదానికి కారణం: సిబ్బంది మ్యాపులో లేని ప్రాంతంలో ఉండటం. రెండుసార్లు చదివాను. మ్యాపు గీసేవాడు మ్యాపు ఉన్న చోట ఏం చేస్తాడని అడిగాను. అడిగినట్టు కూడా రిపోర్టులో రాసుకున్నారు. అంతే.

మేడమ్ మేకల బాటను మ్యాపులోకి తెచ్చేశారు. తీసేయమని మళ్లీ వచ్చింది. ఆవిడ మళ్లీ పెట్టారు. మూడోసారి వాళ్లే విసిగి ఊరుకున్నారు. మొదటిసారి మా విసుగు అవతలివాళ్లకి అంటింది. అచ్చయిన మ్యాపులో అది చుక్కల గీతగా ఉంది. చూసుకున్నాను. గంగారాం అప్పటికే ఇంటికి వెళ్లిపోయాడు. ఫోటో తీసి పంపితే, "గిది మన తొవ్వనా సార్? దుబాయి మ్యాపుల ఎక్కిందా?" అన్నాడు. ఈసారి నేను సరిదిద్దలేదు.

ఆగస్టులో తిరిగొచ్చాను. విశాఖలో వాన. రైల్లో కిటికీ తెరిచి పెట్టుకుని శ్రీకాకుళం దాకా తడిశాను. ఎదుటి సీటాయన వద్దన్నా మూయలేదు. ఇప్పుడు ఎవరైనా అక్కడ ఏం చూశావని అడిగితే ఒంటె సంగతి చెబుతాను, గుడారం మేకుల సంగతి చెబుతాను. నవ్వుతారు.

చెప్పనిది ఒకటుంది. గట్టు మీద నిలబడి ఉన్నాను. చెవి దగ్గర ప్రశాంతమైన గొంతు. కింద తెల్లటి నేల మీద గొడుగు, అది పరిచిన గుండ్రటి నీడ, నీడలో గంగారాం. ఎండ జరుగుతోంది. నీడ అంచు అతని పాదాల మీంచి తప్పుకుంది. ఎర్రటి ఎండలో రెండు పాదాలు. కాళ్లు లోపలికి ముడుచుకుంటాడేమో అని చూస్తున్నాను. ముడుచుకోలేదు. నీడ మోకాళ్ల వైపు పాకుతోంది, గొంతు గేటు నంబరు అడుగుతోంది.